అమ్మకపు ఉత్తరములో బొమ్మ

రేడియోలో బొమ్మలను గురించి మాటలాడుట కొంత విడ్డూరముగా తోచవచ్చును. నా చేతిలోని ఛాయాచిత్రమును శ్రోతలకు చూపలేను, చెప్పి ఊహింపజేయవలసినదే. నేటి విషయమునకు ఈ ఇబ్బందియే తగిన ప్రవేశము. ఈ-మెయిల్ ద్వారా సరకు అమ్ముకొనువారు పంపెడి ఉత్తరములలో బొమ్మ ఏ పని చేయగలదు, ఏ పని చేయజాలదు అన్నదే నేను చెప్పదలచినది. దృష్టాంతములను మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండియే తీసికొందును. పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి పాత్రలు, పలాస జీడిపప్పు, ఇవన్నియు ఊరు దాటి పోవలసిన సరకులు. కొనువారు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉందురు. వస్తువును చేతితో తాకి చూడలేరు. వారికి మన దుకాణమంతయు ఆ ఉత్తరమే.

సరకుకు బొమ్మ అంటించి అమ్ముట క్రొత్త విద్య కాదు. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగములో మాంచెస్టరు నుండి మన దేశమునకు దిగిన మిల్లు బట్టల తానులపై రంగురంగుల చీటీలు అంటించి యుండెడివి. వాటిపై మన దేవుళ్లు, మన ఏనుగులు, మన రాజులు. బట్ట చిరిగిపోయినను చీటీని దాచుకొన్నవారు, పటము కట్టించుకొన్నవారు కలరు. బొమ్మ మనది; బట్ట మనది కాదు. ఆ మిల్లు బట్ట ధాటికి ఎదురు నిలిచి గాంధీజీ మెప్పు పొందిన సన్న ఖద్దరు మన పొందూరులోనిది. బొమ్మకు ఎంత బలమున్నదో, అది ఎంత సులువుగా అబద్ధమునకు ఊడిగము చేయునో, ఆ చీటీలు తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు తెలిసివచ్చును.

ఈ-మెయిలు పుట్టిన చాలకాలము వరకు దానిలో చిత్రములను, ధ్వనులను పంపుటకు అందరును ఒప్పుకొన్న పద్ధతి లేదు. 1992 మార్చి 11వ తేదీన అమెరికాలో నథానియేల్ బోరెన్‌స్టైన్ అను ఆయన ‘మైమ్’ అను క్రొత్త పద్ధతిలో ఒక ఉత్తరమును పంపినారు. అందులో జతచేసినది తన పాటగాండ్ర బృందపు ఛాయాచిత్రము, వారి పాట. నేడు మన ఫోనులలోనికి వచ్చి పడెడి పండుగ తగ్గింపు ఉత్తరములన్నిటికి ఆ పాటగాండ్రే పూర్వీకులు.

ఇక నా సొంత తెలివితక్కువను చెప్పుదును. కొన్నేండ్ల క్రిందట ఒక మిత్రుని కోరికపై ఖద్దరు అమ్మకమునకు ఒక ఉత్తరము కూర్చినాను. పంచె, దాని ధర, నూలు కౌంటు, చిరునామా, ఫోను నంబరు, అన్నియు ఒకే పెద్ద బొమ్మలో ముచ్చటగా వ్రాయించినాను. మా ఫోనులలో చూచుకొని మురిసినాము. మూడు దినములు గడచినను ఒక్కరును పలుకలేదు. తరువాత విచారింపగా తెలిసినది: కార్యాలయములలో వాడెడి అవుట్‌లుక్ వంటి సాధనములు పరిచయము లేనివారు పంపిన బొమ్మలను సాధారణముగా అడుగనిదే తెరవవు. మా ఉత్తరము చేరిన పలువురికి కనబడినది ఒక ఖాళీ చట్రము మాత్రమే. జీమెయిలు 2013 డిసెంబరు నుండి బొమ్మలను తానే తెరచి చూపుచున్నది గాని, లోకమంతయు జీమెయిలు కాదు గదా. పైగా మా బొమ్మ బరువు నాలుగు మెగాబైట్లు. సిగ్నలు అంతంతమాత్రముగా నున్న చోట అది దిగివచ్చు లోపల చదువరి వేరు పనిలోనికి పోవును.

కాబట్టి ధర, కొలత, ఊరు పేరు, ఫోను నంబరు ఎన్నడును బొమ్మలో ఉండరాదు, అక్షరములలోనే ఉండవలెను. బొమ్మ రాకపోయినను ఉత్తరము బ్రతుకవలెను. బొమ్మ తెరుచుకొననప్పుడు ఆ స్థానమున కనబడుటకు ఒక మాట వ్రాసి ఉంచు వీలున్నది. చూపులేనివారికి వారి ఫోను ఆ మాటనే చదివి వినిపించును. చాలమంది దీనిని ఖాళీగా వదలుదురు, లేదా ‘చిత్రము ఒకటి’ అని వ్రాసి చేతులు దులుపుకొందురు. నేనైతే అక్కడ రేడియోలో చెప్పునట్లు వ్రాయుమందును: ‘సన్నని ఎర్ర అంచు గల తెల్లని పంచె, మడత విప్పి చాపపై పరచినది’. చూడలేనివారి కన్నులకు అది కట్టవలెను.

బరువు తగ్గించుట తేలికయే. ఉత్తరపు వెడల్పు సామాన్యముగా 600 పిక్సెళ్లు. మంచి ఫోను తెరల కొరకు 1200 వెడల్పున చిత్రమును కుదించి, జేపెగ్ రూపములో పంపిన చాలును. దుకాణపు ముద్ర నల్లని అక్షరములతో, వెనుక రంగు లేకుండ ఉన్నచో, రాత్రివేళ తెర నల్లగా చేసికొనువారికి అది మాయమగును. ఈ పాటి జాగ్రత్తలను ఊరిలో కంప్యూటరు తెలిసిన ఏ కుర్రవాడైనను చూడగలడు.

కష్టమైనది వేరు. ఏమి చూపవలెను?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో చేయు వీణను తీసికొనుడు. కచేరీలో వాయించు పెద్ద వీణయు, కానుకగా ఇచ్చు చేటంత వీణయు అక్కడ తయారగును. రెండిటిని విడివిడిగా ఛాయాచిత్రము తీసి పంపినచో ఏది ఎంతయో దేవునికే తెలియును! బల్లపై పెట్టు బొమ్మను పెద్ద వీణ యనుకొని కొన్నవాని కోపము ఎట్లుండునో ఊహింపుడు. ప్రక్కన ఒక మనిషి చేయి కనబడిన చాలును. పలాస జీడిపప్పుది ఇంకొక చిక్కు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అను తరగతులు పౌను తూకమునకు సుమారు ఎన్ని గుండుపప్పులు తూగునో తెలుపును. సంఖ్య పెరిగిన కొలది పప్పు చిన్నది. దగ్గరగా తీసిన బొమ్మలో అన్నియు మహారాజు పప్పులే! పళ్లెములో ఒక రూపాయి బిళ్ళ ఉంచి, తరగతి పేరును అక్షరములలో వ్రాయవలెను. బుడితి పాత్రలను తీయబోయినవారికి మరియొక వేడుక: మెరుగు పెట్టిన చెంబు పొట్టపై ఫోను పట్టుకొన్న తమ స్వరూపమే వంకరగా దర్శనమిచ్చును.

అన్నిటికంటె కష్టము పొందూరు ఖద్దరు. తెల్లని బట్టను తెల్లని గోడ ముందు మిట్టమధ్యాహ్నము తీసినచో, మరమగ్గపు బట్టకు దానికి భేదము తెలియదు. ఆ భేదము తెలియుట మీదనే ఎందరో వడుకు స్త్రీల కూలి, నేతగాండ్ర కూలి ఆధారపడి యున్నవి. చేతి నూలులో సహజమైన హెచ్చుతగ్గులు ఏటవాలుగా పడు ఉదయపు వెలుగులో, కిటికీ ప్రక్కన, బాగుగ దగ్గరగా తీసిననే కనబడును. అందుకు ఓపిక లేక కొందరు ఎవరో తీసిన అందమైన చిత్రమును ఇంటర్‌నెట్ నుండి తెచ్చి అతికించుదురు. ఆ చిత్రమునే మరమగ్గపు బట్టను ఖద్దరని అమ్మువాడును అతికించగలడు. మాంచెస్టరు చీటీ మరల వచ్చినట్లే గదా! పంపబోవు బట్టనే తీసి పంపవలెను.

పొందూరులో ప్రత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రపరచుదురు. దాని సన్నని పండ్లు ప్రత్తిలోని నలుసును తీసి పోగులను సరిచేయును. ఈ ఎముకను చూపిన చిత్రము వంద విశేషణములకు సాటి. అయితే అది ఏమో చెప్పు వాక్యము క్రింద లేకున్న చూచువారికి అదొక ఎండు చేప ముక్క.

మా రెండవ ఉత్తరమునకు వడుకుచున్న ఒక వృద్ధురాలిని, ఆమె అనుమతితోనే, ఫోనుతో తీసినాను. ముడుతల ముఖము, నవ్వు, చక్కగా వచ్చినది. ఇంతకంటె ఏమి కావలెనని ఆమెకు చూపినాను. ఆమె కన్నులు చిట్లించి చూచి, “నా మొకం ఎవులు కొంతారు బాబూ? నూలు అగుపడనేదు” అన్నది.

మరునాడు ప్రొద్దుటనే మరల వెళ్లినాను. ఆమె కిటికీ వైపు రాట్నమును తానే జరిపి, పోగును వెలుగునకు ఎత్తి పట్టి, నేను తీయువరకు చేయి కదపలేదు. ఉత్తరములో ఆ చిత్రము వెళ్లినది. క్రింద ఆమె ఊరు, నూలు కౌంటు, పంచె ధర అక్షరములలో వ్రాసినాము.