ఒక కాగితం కదిలితే నాలుగు రిజిస్టర్లు కదలాలి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను కంప్యూటరు చదువు చదివినవాడిని కాను. గురజాల, మాచర్ల, నరసరావుపేట ఆఫీసుల్లో రెవిన్యూ గుమాస్తాగా రిజిస్టర్ల మధ్య బ్రతికినవాడిని. అయినా ఒప్పుకోవడానికి కారణముంది. మా మనుమరాలు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తోంది. నీ పని ఏమిటమ్మా అంటే, "ట్రిగ్గర్లు రాస్తాను తాతయ్యా" అంది. పల్నాటివాళ్లం కదా, తుపాకీ మాట వినగానే ఉలిక్కిపడ్డాను. తీరా విడమరిచి చెప్పించుకుంటే, అది మనం ముప్పై ఏళ్లు చేతితో చేసిన పనే!

1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ మొదలైంది. వ్యాపార సంస్థలు తమ ఖాతాదారుల వివరాలు, బేరాలు, ఫిర్యాదులు అన్నీ దానిలో దాచుకుంటాయి. దీన్ని సి.ఆర్.ఎం. అంటారు. ఒక ఖాతాదారు కింద పది రికార్డులుంటాయి. ఖాతాదారు చిరునామా మారితే ఆ పదింటిలోనూ మారాలి. "ఈ రిజిస్టరులో ఈ మార్పు జరిగినప్పుడెల్లా ఆ రిజిస్టరులో ఈ మార్పు చేయవలెను" అని ముందే రాసిపెట్టిన స్టాండింగ్ ఆర్డరే ట్రిగ్గరు. ఒకరు చెప్పనక్కరలేదు, గుర్తుచేయనక్కరలేదు. దానంతటది నడుస్తుంది.

మన శాఖలో ఇది కాగితం మీద ఎప్పుడో ఉంది. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం నాలుగో సెక్షను తీయండి. భూమి సంపాదించినవాడు 90 రోజుల్లోగా తెలియజేయాలి. అంతేకాక, దస్తావేజు రిజిస్టరు చేసిన అధికారి కూడా ఆ సంగతి రెవిన్యూవారికి తెలపాలి. చట్టం రాసినవారు ట్రిగ్గరే రాశారు. కాకపోతే దాన్ని నడపవలసింది తపాలు బంట్రోతు, డిస్పాచి గుమాస్తా, 1984 దాకా కరణంగారు, ఆ తరువాత వచ్చిన గ్రామాధికారులు. మధ్యలో ఒక్కరి దగ్గర కాగితం ఆగితే చాలు. డబ్బిచ్చి కొన్నవాడు చేను దున్నుకుంటుంటాడు, అడంగలులో మాత్రం అమ్మినవాడి పేరే ఉంటుంది. పంట రుణం కొన్నవాడికి పుట్టదు. అమ్మినవాడి కొడుకులు నాలుగేళ్ల తరువాత వచ్చి ఇది మా నాన్న భూమి అంటారు. పల్నాడులో గట్టు తగాదాలు కొన్ని ఎక్కడ మొదలయ్యాయో మీకు నేను చెప్పాలా?

1998 నవంబరులో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. 2015లో 'మీ భూమి' వచ్చి అడంగలు, 1-బి ఇంట్లో కూర్చొని చూసుకునే వీలు కలిగింది. పొరుగున తెలంగాణలో 2020 అక్టోబరు 29న 'ధరణి' ప్రారంభించి, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషనూ పేరు మార్పూ ఒకే చోట, ఒకేసారి జరిగేలా చేశారు. వేగం సరే, తప్పు పడితే దిద్దించుకోవడానికి అప్పీలు దారి లేదని రైతులు మొరపెట్టుకున్నారు. 2025లో వచ్చిన 'భూ భారతి' చట్టం అప్పీళ్లను మళ్లీ తెచ్చింది. మీట నొక్కగానే పని అయిపోవడమొక్కటే గొప్ప కాదు, తప్పు జరిగితే వెనక్కు వచ్చే దారి కూడా ఉండాలి.

మనుమరాలు చెప్పిన సూత్రాలు వింటే మా పాత సూపరింటెండెంటుగారు గుర్తొచ్చారు.

ట్రిగ్గర్లు రెండు రకాలట. రికార్డు భద్రం కాకముందు నడిచేది ఒకటి, భద్రమయ్యాక నడిచేది ఒకటి. ముందుది పరిశీలనకు: విస్తీర్ణం సరిపోయిందా, పేరు ఖాళీగా ఉందా, తిప్పి పంపాలా అని చూడటానికి. తరువాతది చుట్టపు రికార్డులను మార్చడానికి. ఎందుకలా అంటే, కొత్త రికార్డుకు నెంబరు పడేది భద్రమయ్యాకే. దస్తావేజుకు నెంబరు పడకముందే అడంగలులో ఏ నెంబరు చూపి రాస్తాం?

రెండోది, పని గుత్తగా చేయడం. సేల్స్‌ఫోర్స్ ఒక్కో విడతకు 200 రికార్డుల వరకు ట్రిగ్గరు చేతిలో పెడుతుంది. కానీ ఆ పని మొత్తంలో పాత వివరాల కోసం బీరువా తెరవడానికి 100 సార్లే అనుమతి. ఒక్కో రికార్డుకు ఒక్కోసారి వెళ్లేవాడు 101వ సారికి ఆగిపోతాడు, చేసిందంతా రద్దు. తెలివైనవాడు 200 నెంబర్లూ చీటీ మీద రాసుకొని ఒక్కసారే వెళ్లి తెస్తాడు. జమాబందీ రోజుల్లో రికార్డు రూముకు మనం అలాగే వెళ్లేవాళ్లం కదా!

మూడోది, చక్రం తిరగడం. మొదటి రికార్డు రెండోదాన్ని మారుస్తుంది, రెండోదాని ట్రిగ్గరు మళ్లీ మొదటిదాన్ని మారుస్తుంది. "తమ అభిప్రాయము కోరడమైనది", "తమ అభిప్రాయము తెలిపిన పిమ్మట పరిశీలించబడును" అని రెండు సెక్షన్ల మధ్య తిరిగే ఫైలు ఇదే. మన ఫైలు రిటైరయ్యేదాకా తిరిగేది. అక్కడ 16 మెట్లు దాటితే యంత్రమే ఆపేస్తుంది. దీనికి మందు చిన్నది: విలువ నిజంగా మారితేనే కలం ఎత్తు, మారకపోతే ఊరుకో.

అన్నిటికన్నా ముఖ్యమైనది నాలుగోది. అయితే అన్నీ కావాలి, లేదా ఏదీ కాకూడదు. ఐదెకరాల్లో ఎకరం అమ్మితే, అమ్మినవాడి ఖాతాలో నాలుగు, కొన్నవాడి ఖాతాలో ఒకటి పడాలి. తగ్గించడం జరిగి కలపడం జరగకపోతే ఎకరం భూమి గాలిలో కలిసినట్టే. అందుకని మధ్యలో ఎక్కడ పొరపాటు వచ్చినా మొదటి గీత కూడా చెరిపేసి యథాస్థితికి తెస్తారు.

ఆ అమ్మాయిని నేనొకటి అడిగాను: అన్నిటికీ ట్రిగ్గరు పెట్టాలా అని. వద్దంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడదీసి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పాటు చేశారు. ప్రతి రికార్డులోనూ "గుంటూరు జిల్లా" అని విడివిడిగా రాసుకున్నచోట ప్రతి కాగితమూ దిద్దాలి. జిల్లా పేరు ఒక్క పుస్తకంలో ఉంచి, మిగతావన్నీ దానివైపు వేలు చూపేచోట ఒక్క గీతతో సరి. నకళ్లు తగ్గితే దిద్దుబాట్లు తగ్గుతాయి.

ఇక మన సంగతి. జనన మరణాల రిజిస్ట్రేషను చట్టం 1969 నాటిది. 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించాలి. 2023లో దానికి సవరణ చేశారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ నమోదుల ఆధారంగా ఓటర్ల జాబితా, రేషను కార్డుల వంటి ఇతర రికార్డులను సరిచేసుకునే వీలు కల్పించారు. అంటే ఇకమీద ఒక మరణ నమోదు అనేక రిజిస్టర్లను కదిలించగలదు. మంచిదే. కానీ ఆధారు నెంబరులో ఒక అంకె తప్పు పడితే, బ్రతికున్నవాడు కాగితాల మీద చనిపోతాడు. అప్పుడు నేను బ్రతికే ఉన్నాను మహాప్రభో అని ఆఫీసుల చుట్టూ తిరగవలసింది ఆ ముసలాయనే.

మన సభ్యుడొకరు కాలం చేసినప్పుడు ఆయన పి.పి.ఓ.లో భార్య పేరు ఒక విధంగా, ఆధారులో మరొక విధంగా ఉంది. ఆరు నెలలపాటు ఆ తల్లికి కుటుంబ పెన్షను అందలేదు. భర్తను పోగొట్టుకున్న మనిషి, నేనే ఆయన భార్యనని రుజువు చేసుకోవలసి వచ్చింది. యంత్రం పేరులో అక్షరాన్నే చూస్తుంది గాని, నలభై ఏళ్ల కాపురాన్ని చూడదు.

కనుక సోదరులారా, ఇంటికెళ్లగానే పి.పి.ఓ. తీయండి. మీ పేరు, భార్య లేక భర్త పేరు, ఇద్దరి పుట్టినతేదీలు ఆధారుతోనూ, బ్యాంకు పుస్తకంతోనూ పోల్చండి. తేడా ఉంటే మనం ఉండగానే అర్జీ పెట్టి దిద్దించండి, రసీదు దాచండి. పొలమున్నవారు 1-బి తీయించి దస్తావేజుతో సరిచూడండి. ఆ కాగితాలెక్కడున్నాయో ఇంట్లో ఆడవారికి చెప్పండి. మనం సంతకం చేయగలిగిన ఈ రోజుల్లో అది ఒక పూట పని. మనం పోయాక వారికి అది ఏడాది తిరుగుడు.