లారీ కొనువారు ముందు చక్రములను చూడవలెను

(హోసూరు సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తూనికలు, బేరములు చూచుకొనుచున్న వారము. యంత్రశాస్త్రమును గూర్చి ఉపన్యసించు అర్హత మాకు లేదు. అయినను సరకు ఎత్తించి, దింపించి, లారీ వారితో లెక్కలు చూచుకొన్న అనుభవము కలదు కనుక పెద్దలు మమ్ము మాటాడుమనిరి.

మన కుటుంబములలో లారీ కొనవలెనను ఉబలాటము పెరిగినది. పొలము తాకట్టు పెట్టియో, ఇంటి ఆడవారి నగలు బ్యాంకులో ఉంచియో ముందు సొమ్ము కట్టి, మిగిలినదానికి వాయిదాలు ఒప్పుకొని, కుమారుని చేతికి తాళపుచెవి ఇచ్చుచున్నారు. బండి తిరిగినన్నాళ్లు ఇల్లు గడచును. బండి మూలబడవచ్చును గాని వాయిదా మూలబడదు.

ఈ ప్రాంతమున బండికి పని కరవు లేదు. గ్రానైటు, మామిడి, కూరగాయలు, పూలు, అన్నియు రోడ్డు మీదనే పోవలెను. అత్తిబెలె దాటిన కర్ణాటకము, తూర్పున కుప్పము వైపు పోయిన ఆంధ్రము. కనుక మూడు రాష్ట్రముల పాత బండ్లును మన ముంగిటికి బేరమునకు వచ్చును.

మనవారు బండి చూడబోయినపుడు మొదట చూచునది రంగు. తరువాత ఇంజను చప్పుడు విందురు. అమ్మువాడు రంగు వేయించగలడు, ఇంజనులో చిక్కని నూనె పోసి చప్పుడు అణచగలడు. అరిగిన టైరును మాత్రము సులభముగా నోరు మూయింపలేడు. ఒక అంచే అరిగినదా, ముందు చక్రముల అమరికయో కింగు పిన్నులో ఇరుసో చెడినదని అర్థము. రెండంచులు అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువతో నడపినారు. నడుమ అరిగినచో గాలి ఎక్కువ. గుంటలు గుంటలుగా అరిగినచో బేరింగులను, కమాను పట్టీలను విప్పించి చూడవలెను. బేరమునకు వచ్చిన బండికి అన్ని టైర్లును సరిక్రొత్తవై ఉన్నచో సంతోషింపక, పాతవి ఎక్కడ అని అడుగుడు.

టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 3219 అని యున్నచో 2019వ సంవత్సరము ముప్పదిరెండవ వారమున తయారైనదని అర్థము. అరుగకున్నను రబ్బరు ముదురును. గాడుల నడుమ అచ్చటచ్చట చిన్న దిమ్మలుండును. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినపుడు అవి పైతలమునకు సమమగును. అంతటితో ఆ టైరు ఆయుస్సు తీరినట్లే. డీజిలు తరువాత టైర్లే పెద్ద ఖర్చని ప్రతి యజమానుడు ఎరుగును. అందుచేతనే ఆ తీరిన ఆయుస్సును ఇంకొక నెల సాగదీయుట జరుగుచున్నది.

ఇప్పుడు బరువు సంగతి. దీనిని మన యువకులు నిదానముగా వినవలెను. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఇరుసు భారపు పరిమితిని పెంచినది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసునకు అంతకుముందు 10.2 టన్నులు, దానిని 11.5 టన్నులు చేసిరి. మనవారు సంతోషించిరి. కాని 10.00 ఆర్ 20 రకపు టైర్లు కొన్నిటి ప్రక్కన 146/143 అని ఉండును. ఒంటిగా ఉన్నపుడు 3000 కిలోలు, జంటగా ఉన్నపుడు ఒక్కొక్కటి 2725 కిలోలు మోయునని దాని భావము. నాలుగింటికి లెక్క కట్టుడు: 10,900 కిలోలు. పాత పరిమితికి చాలును. క్రొత్త పరిమితికి 600 కిలోలు తక్కువ. అదే కొలతలో 149/146 అని యున్న టైర్లు జంటలో ఒక్కొక్కటి 3000 చొప్పున 12,000 కిలోలు మోయును. కొలత ఒకటే, చూచుటకు ఒకటే, అంకె వేరు. గెజెట్టులో అంకె మారినంత మాత్రమున పాత టైరునకు బలము రాదు. మీ బండికి ఎంత అనుమతియో ఆర్.సి. పుస్తకములో చూడుడు, ఎంత శక్తియో టైరు మీద చూడుడు, రెండింటిలో తక్కువదానిని పాటింపుడు. గ్రానైటు రాయి కంటికి చిన్నదిగానే యుండును. కాటా మీదనే దాని నిజము తెలియును. 2019 సవరణ చట్టము ప్రకారము అధిక భారమునకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయలు జరిమానా. అదనపు సరకును దింపివేయవలెను కూడ.

గాలిని ఉదయము బండి కదలకముందు చల్లగా ఉన్నపుడే కొలువవలెను. వేడెక్కిన టైరులో గాలి పెరిగినట్లు కనబడును, దానిని తీసివేయరాదు. క్లీనరు ఇనుపకడ్డీతో కొట్టి చప్పుడు విని సరిపోయినదనుట లెక్కలోనికి రాదు. ఉండవలసిన గాలిలో ఐదవ వంతు తగ్గినచో అది పంక్చరైన టైరుతో సమానము. జంటలో లోపలి టైరు చేతికి అందదని ఎవరును చూడరు. అది చేయవలసిన పనిని వెలుపలిది చేసి పగులును. తొప్పూరు కనుమ దిగునపుడు డీజిలు మిగులునని న్యూట్రలులో దింపు అలవాటు కొందరికి కలదు. బ్రేకు డ్రమ్ములు కాలి ఆ వేడి రిమ్మునకు, రిమ్ము నుండి టైరునకు పోవును. మిగిలిన డీజిలు నాలుగు గుక్కలు.

అన్నిటికంటె మాకు భయము కలిగించునది లాకు రింగు. ట్యూబు టైర్ల రిమ్ములు పెక్కు ముక్కలుగా ఉండి, ఇనుప రింగుతో బిగింపబడును. ఆ రింగు సరిగా కూర్చుండకున్నను, త్రుప్పు పట్టినను, వేరొక రిమ్మునకు చెందినదైనను, గాలి నింపునపుడు తుపాకి గుండువలె ఎగురును. ఎదుట నిలుచుండువాడు సాధారణముగా పదునెనిమిది, ఇరువది ఏండ్ల క్లీనరు. మన ఊరి పిల్లవాడే. కనుక చక్రము విప్పుటకు ముందే గాలి పూర్తిగా తీయవలెను, జంట చక్రములైనచో రెండింటిదియు. నింపునపుడు ఇనుప పంజరములో పెట్టి, పొడవైన గొట్టముతో, ప్రక్కకు తొలగి నింపవలెను. పంజరము లేని దుకాణమునకు మన బండిని పంపరాదు. ఒకే ముక్క రిమ్ముతో ట్యూబులేని టైర్లు దొరకు బండి కొనువారికి ఈ రింగు బెడదయే ఉండదు; కొంచెము ధర ఎక్కువైనను మేము దానినే మెచ్చుకొందుము.

రీబటన్ టైర్లను మేము నిందింపము. గట్టి టైరునకు మంచి చోట చేయించినచో వెనుక చక్రములకు లాభమే. ముందు చక్రములకు మాత్రము వలదు. చక్రము మార్చిన తరువాత ఏబది, నూరు కిలోమీటర్లు పోయి నట్లను మరల బిగింపవలెను.

కాగితముల మాట. ఇతర రాష్ట్రపు బండికి అక్కడి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము లేనిదే బయానా ఈయకుడు. అప్పు తీరినదను 35వ నంబరు ఫారము, అమ్మకమునకు 29, 30 నంబరు ఫారములు, ఎఫ్.సి., పర్మిటు, బీమా, అన్నియు చూడవలెను. కొన్న ముప్పది దినములలో మీ పేరిట మార్పునకు తెలియజేయవలెను. బీమా మార్పునకు గడువు పదునాలుగు దినములే.

ఈ కాగితములు ఆంగ్లమునను తమిళమునను ఉండును, ఆంధ్రము నుండి వచ్చినవి తెలుగున ఉండవచ్చును. చదువలేనిదాని మీద సంతకము చేయక సంఘ కార్యాలయమునకు తీసికొని రండి. ఆదివారము ఉదయము మేమో, మరొక సభ్యులో అక్కడ ఉందుము. గాలి కొలుచు మంచి గేజి ఒకటి కొని అక్కడనే ఉంచితిమి. సభ్యుల బండ్లకు రుసుము లేదు; బండిని చల్లగా తీసికొని రావలెను.