బి.ఇడి. పట్టము: ఆదాయ వ్యయములు

గత మాసమున మా కేంద్రమునకు ఒక జాబు వచ్చినది. వ్రాసినవారు కోనసీమలో ఒక చిన్న రైతు. వారి కుమార్తె గణితము ప్రధానముగా బి.యస్‌సి. ముగించినది. ఆమెను బి.ఇడి. చదివించుటకై ఉన్న ఎకరములో సగము తాకట్టు పెట్టవచ్చునా, పెట్టిన సొమ్ము తిరిగి వచ్చునా అని వారి ప్రశ్న. జాబు అడుగున వేరొక దస్తూరితో రెండు పంక్తులు కలవు: "నాన్నగారు అడిగినదానికి ఉన్నదున్నట్లు చెప్పండి. నాకు చదువవలెననియే ఉన్నది గాని, పొలము పోవుట ఇష్టము లేదు." ఈ ప్రసంగమునకు కారణము ఆ రెండు పంక్తులే.

మేమును ఒకప్పుడు ఆ పట్టము పుచ్చుకొన్నవారమే. మా కాలమున అది ఒక్క సంవత్సరపు చదువు. "ఏడాదే గదా!" అని మా మేనమామగారు ఫీజు కట్టిరి. డి.యస్‌సి. పరీక్షలో కొద్ది మార్కులలో తప్పి, పిమ్మట ఈ మైకు ముందుకు వచ్చితిమి. ఇప్పుడు ఆ మాట చెల్లదు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో చేసిన నిబంధనలతో, 2015 నుండి అది రెండేండ్ల చదువైనది. అందులో 20 వారములు బడికి పోయి అనుభవము గడింపవలెను. చదువునకు ఇది మేలే. కాని లెక్క వ్రాయునపుడు మనవారు ఫీజును మాత్రమే వ్రాసి, రెండేండ్ల కాలమునకు వెల కట్టుట మరతురు.

వెల కట్టి చూతము. ఇవి మేము ఊహించి వేసిన అంకెలు. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. ఫీజు, వసతి, పుస్తకములు, రాకపోకలు కలిసి రెండేండ్లకు 1,20,000 రూపాయలనుకొందము. ఆ పట్టభద్రురాలు చదువు మాని ఏదో చిన్న ఉద్యోగమున చేరినచో నెలకు 12,000 వచ్చుననుకొందము. రెండేండ్లలో పోగొట్టుకొన్నది 2,88,000. మొత్తము 4,08,000 రూపాయలు. పట్టము చేతికి వచ్చిన పిదప ఒక ప్రైవేటు బడిలో నెలకు 13,000 ఇచ్చిరనుకొందము. పట్టమువలన పెరిగినది నెలకు వేయి రూపాయలు. పెట్టుబడి తీరుటకు 408 నెలలు, అనగా 34 సంవత్సరములు పట్టును! వేసవి సెలవులకు జీతమీయని బడులును కలవు. వాటి లెక్క ఇందులో చేర్చలేదు.

ప్రభుత్వ పాఠశాలలో స్కూలు అసిస్టెంటు పని దొరకినచో కథ వేరు. ఆంధ్రప్రదేశమున 2022 వేతన సవరణ ప్రకారము ఆ పనికి మూలవేతనము 44,570తో ఆరంభమగును. తెలంగాణమున 2020 సవరణ ప్రకారము 42,300తో. భత్యములు విడిచి, మూలవేతనమునే లెక్కించినను, పై 4,08,000 రూపాయలు దాదాపు 13 నెలలలో తీరును. ఇంటింట ఆశ పుట్టించునది ఈ అంకెయే. అయితే అది దొరకుటయే చిక్కు.

2018లో 7,902 పోస్టులకు ఆంధ్రప్రదేశమున డి.యస్‌సి. ప్రకటన వచ్చినది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయినది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డి.యస్‌సి. వచ్చినది. నడుమ దాదాపు ఆరున్నర యేండ్లు గడచినవి. తెలంగాణమునను 2017 తరువాత నియామకములు జరిగిన ప్రకటన 2024లోనే. ఆ యేండ్లలో అవనిగడ్డలో అద్దె గదులు తీసికొని, శిక్షణ కేంద్రములకు సొమ్ము కట్టి, ప్రకటనకై ఎదురుచూచిన యువతీయువకులెందరో! ఆ యేండ్లకును వెల కట్టవలెను గదా.

పైగా 16,347 అను అంకెను చూచి మురియరాదు. 2018లో ఉపాధ్యాయ విద్యామండలి బి.ఇడి. వారికి ప్రాథమిక తరగతులను కూడ తెరచినది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసినది. అందుచేత ఆ పోస్టులలో సెకండరీ గ్రేడు పోస్టులు డి.ఇడి. వారివే. తక్కినవాటిలో ఎక్కువ స్కూలు అసిస్టెంట్లవి. ఇందు వ్యాయామ విద్యవారును కలరు. తెలంగాణమున 2024లో 11,062 పోస్టులలో స్కూలు అసిస్టెంట్లు 2,629 మాత్రమే. వీనిని జిల్లాలవారీగా, సబ్జెక్టులవారీగా, రిజర్వేషన్లవారీగా పంచిన పిమ్మట ఒక్కొక్కచోట వేళ్లపై లెక్కింపదగినన్నియే మిగులును. కావున చేరుటకు ముందే గత ప్రకటనలో మన జిల్లాకు, మన సబ్జెక్టుకు ఎన్ని వచ్చినవో విచారింపుడు. ఆ పిదప టెట్ కూడ వ్రాయవలెను. దాని మార్కులకు నియామకమున 20 శాతము విలువ కలదు. కేంద్రీయ విద్యాలయములకును ఈ పట్టముతోనే పోవచ్చును గాని, అచ్చట పోటీ దేశమంతటితో.

ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. తరగతికి రానక్కరలేదని చెప్పి, అందుకై వేరుగా సొమ్ము పుచ్చుకొను కళాశాలలు కొన్ని కలవు. రెండేండ్ల జీతము నిలుపుకొనవచ్చునని కొందరు దానికి ఆశపడుదురు. ముప్పదిమంది పిల్లల యెదుట నిలువని వారికి పట్టము వచ్చును గాని, పాఠము రాదు. మేము తొలిసారి ఎనిమిదవ తరగతికి భిన్నములు చెప్పిన నాడు సుద్దముక్క మూడుసార్లు చేజారినది. ఆ వణుకు తీరుట శిక్షణ కాలములోనే తీరవలెను.

ఆ రైతుగారికి మేమిట్లు వ్రాసితిమి. "అయ్యా, పొలము తాకట్టు పెట్టకుడు. అమ్మాయిని ఎడ్‌సెట్ వ్రాయనిండు. రాజమహేంద్రవరములోని ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చినచో వెనుదీయక చేర్పించుడు. ఫీజు తిరిగి చెల్లించు పథకమునకు మీ కుటుంబము అర్హమగునేమో మండల కార్యాలయమున విచారింపుడు. ఈ రెండును కుదరనిచో ఒక యేడాది ఆగి, ఆమె ఏదైన పనిలో చేరి, ఫీజు తానే కూడబెట్టుకొనుట మంచిది. అమ్మా, నాలుగేండ్ల సమగ్ర బి.ఇడి. యే 2030 నాటికి కనీసార్హత కావలెనని 2020 నూతన విద్యావిధానము చెప్పుచున్నది. కావున యేడాదికి మించి ఆగకుము. గణితమునకు ప్రైవేటు బడులలోను తక్కిన సబ్జెక్టులకన్న కొంత గిరాకి కలదు."

జవాబు వచ్చినది. ఆమె ఎడ్‌సెట్‌కు దరఖాస్తు పెట్టినదట. సాయంకాలములు ఊరిలో పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పుచున్నదట. పొలము సంగతి ఇంటిలో ఇంకను తేలలేదట.