34 శాతం ఎట్ల 41 అయింది: సదరం సర్టిఫికెట్ మీద మా కాక అప్పీలు

బాన్సువాడ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశా. ఈసారి ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. మా ఇంట్లో జరిగిన, ఇంకా జరుగుతున్న విషయం ఒకటి చెప్తా. పోయిన వీడియో కింద చాలామంది "అన్నా, మా నాన్నకు సదరంలో 40 కంటే తక్కువ వేసిండ్రు, ఏం చేయాలి" అని అడిగారు. అందుకే ఇది.

మా కాక హమాలీ. వడ్ల బస్తాలు దించుతూ లారీ మీది నుంచి పడ్డాడు. తుంటి దగ్గర రాడ్ వేశారు, కుడిచేతి మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు. చెంబు కూడా ఎడమ చేత్తోనే ఎత్తుతాడు. మీసేవలో స్లాట్ బుక్ చేసి క్యాంపుకి తీసుకుపోయాం. అక్కడ పొద్దున్నుంచి లైన్, డాక్టర్ ముందు కూర్చున్నది మాత్రం రెండు నిమిషాలు. కాలు చూశారు, నడవమన్నారు, రాసేశారు. 34 శాతం.

తెలంగాణలో దివ్యాంగుల పింఛనుకి కనీసం 40 కావాలి. వినికిడి లోపం ఉన్నవాళ్ళకైతే 51. పింఛను 2014లో 1,500తో మొదలైంది, 2019లో 3,016 అయింది, 2023 జులైలో 4,016 చేశారు. అంటే ఆ 6 శాతం తేడాకి మా కాక ఇంట్లో నెలకు 4,016 రూపాయలు. బస్తాలు మోయలేని హమాలీకి అది ఎంత పెద్ద అమౌంటో నేను చెప్పక్కర్లేదు.

జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన కలిశాడు. "పదిహేను వేలు ఇయ్యిండ్రి, 45 చేపిస్త" అన్నాడు. నిజం చెప్తున్నా, ఇంట్లో అందరం ఆలోచించాం. చిన్నమ్మ వేళ్ళ మీద లెక్క కూడా కట్టింది: "నాలుగు నెలల పింఛనే కదరా, ఇచ్చేద్దాం." అడ్డుపడ్డది కాకే. "నా కాలు నిజంగనే ఇరిగింది, దొంగ కాయితం నాకెందుకు" అన్నాడు. నాకు సిగ్గనిపించింది.

ఇక నేను కూర్చుని చదవడం మొదలుపెట్టా. మనది బీటెక్ బుర్ర కదా, డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ ముట్టుకోం. 2016 వికలాంగుల హక్కుల చట్టం. అందులో సెక్షన్ 59 చూడండి: సర్టిఫికెట్ ఇచ్చిన అథారిటీ నిర్ణయం నచ్చకపోతే, రాష్ట్రం నియమించిన అప్పీలు అథారిటీకి వెళ్ళొచ్చు. అర్హత లేదని చెప్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2017 నిబంధనల్లో ఉంది. ఈ రెండూ ఆ క్యాంపులో మాకెవరూ చెప్పలేదు. లైన్లో ఉన్నవాళ్ళలో ఎవరికీ తెలియదు కూడా.

అసలు విషయం ఇంకోటి. వైకల్య శాతం ఎట్లా లెక్కించాలో కేంద్రం గెజిట్‌లో గైడ్‌లైన్స్ పెట్టింది. ఒకటి కంటే ఎక్కువ లోపాలు ఉంటే వాటిని ఊరికే కూడరు. దానికి ఒక ఫార్ములా ఉంది: ఎ + బి × (90 − ఎ) ÷ 90. ఎ అంటే పెద్ద శాతం, బి అంటే చిన్న శాతం. మా కాక సర్టిఫికెట్‌లో కాలు ఒక్కటే ఉంది. చెయ్యి ఊసే లేదు! అంటే బి సున్నా. ఇది బగ్ కాదు ఫ్రెండ్స్, ఇన్‌పుట్టే మిస్సయింది.

అప్పుడు అప్లికేషన్ రాశాం. "మాకు అన్యాయం జరిగింది, దయచేసి కనికరించండి" అని రాయలేదు. కుడి మణికట్టు పరీక్షించలేదు, ఇదిగో ఎక్స్‌రే, ఇదిగో ఆపరేషన్ అయిన ఆసుపత్రి డిశ్చార్జ్ కాయితం, మళ్ళీ అంచనా వేయండి, అంతే. ఒకే పేజీ. సోమవారం ప్రజావాణికి కామారెడ్డి కలెక్టరేట్‌కి పోయాం. అక్కడ ఇచ్చిన రసీదు ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టా, పోగొట్టుకోవడం మా ఇంట్లో ఆచారం కాబట్టి.

తర్వాత మూడు నెలలు ఏమీ లేదు. రెండుసార్లు మళ్ళీ పోయాం, ఆ రసీదు నంబర్ చూపించాం. చివరికి వేరే పెద్దాసుపత్రిలో బోర్డు ముందుకు పిలిచారు. ఈసారి డాక్టరమ్మ మణికట్టు తిప్పి చూశారు, పిడికిలి పట్టమన్నారు, రాసుకున్నారు. కాలుకి అదే 34. చేతికి 12. ఫార్ములాలో వేయండి: 12ని 56తో గుణించి 90తో భాగిస్తే ఏడున్నరకి దగ్గర. మొత్తం 41.

నేను ముందే ఫోన్‌లో లెక్కేసుకున్నా కాబట్టి నంబర్ చూడగానే అక్కడే ఎగిరినంత పనిచేశా. కాక మాత్రం "ఇప్పుడన్న పైసలొస్తయా" అని అడిగాడు.

రాలేదు. అదే ఇప్పటి కథ. సర్టిఫికెట్ వేరు, పింఛను మంజూరు వేరు. ఊళ్ళో అయితే ఎంపీడీవో ఆఫీసు, టౌన్‌లో అయితే మున్సిపాలిటీ ద్వారా అప్లికేషన్ పోవాలి, పైన మంజూరు కావాలి. మా అప్లికేషన్ పెట్టి ఐదు నెలలు దాటింది. సమాచార హక్కు కింద స్టేటస్ అడిగా. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వచ్చింది: "మంజూరు కొరకు పెండింగ్."

లండన్‌లో ఉన్న నా రూమ్మేట్‌కి ఇదంతా చెప్తే, అక్కడ ముందు నిర్ణయాన్ని మళ్ళీ చూడమని అడగాలట, తర్వాత ట్రిబ్యునల్. గెలిస్తే సాధారణంగా పాత బకాయి కూడా కలిపి ఇస్తారు. వాళ్ళకీ నెలల తరబడి ఎదురుచూపులు ఉన్నాయి, కానీ ఆ నెలల డబ్బు పోదు. కాక మొదటి క్యాంపు నుంచి పోగొట్టుకున్న నెలల గురించి మాకెవరూ మాట ఇవ్వలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తప్పు రాసింది ఒకరు, లెక్క సరిచేసింది ఇంకొకరు, మధ్యలో నెలలు మాత్రం కాకవి.

పక్క రాష్ట్రం సంగతి కూడా చూశారు కదా. ఆంధ్రాలో 2025లో దివ్యాంగుల పింఛన్లు మళ్ళీ వెరిఫై చేసి, ఆగస్టులో చాలామందికి నోటీసులు ఇచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయన్నది నిజమే. కానీ నిజంగా లోపం ఉన్నవాళ్ళకీ 40 కంటే తక్కువని కాయితాలు వచ్చాయని గొడవైంది, అప్పీలుకి దారి ఇచ్చారు. జిరాక్స్ షాపు ఆయనకి మేం పదిహేను వేలు ఇచ్చి ఉంటే, అలాంటి వెరిఫికేషన్ ఇక్కడ వచ్చిన రోజు కాక ఏం చూపించేవాడు?

ఒక చిన్న లాభం మాత్రం అయింది. 41 కాయితంతో ఆర్టీసీ రాయితీ పాస్ తీసుకున్నాం. కాబట్టి కామారెడ్డి తిరగడానికి ఖర్చు తగ్గింది, తిరగడం తగ్గలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా 40 కంటే తక్కువ వచ్చి ఉంటే ఒక్కసారి ఆ సర్టిఫికెట్ తీసి చదవండి. శాతం కాదు, ఏ భాగం రాశారో చూడండి. ఇప్పుడు యూడీఐడీ కార్డు అంటున్నారు, జనం ఇంకా సదరమే అంటారు, పేరు ఏదైనా చూడాల్సింది అదే. రాయని భాగం ఉంటే కామెంట్‌లో చెప్పండి, అప్లికేషన్ ఎట్లా రాయాలో ఇద్దరం కలిసి చూద్దాం. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం కామెంట్‌లో పెట్టకండి ప్లీజ్.

వచ్చే సోమవారం మళ్ళీ ప్రజావాణికి పోతున్నాం. కాక ఈసారి కెమెరా ముందు తనే మాట్లాడతానన్నాడు.