రోలు మోసిన ఓడలు

డోర్నకల్ నుంచి మాట్లాడుతున్నా. సముద్రం వాసన కూడా తగలని ఊరు మాది, ఉన్నదల్లా రైల్వే జంక్షనే. అయినా ఈ ఎపిసోడ్ ఓడల గురించి. మధ్యలో రైలు కూత వినపడితే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఒడ్డున ఎత్తైన గోడల కోట ఉందనుకోండి. ఓడలోంచి మామూలు ఫిరంగి పేలిస్తే గుండు దాదాపు తిన్నగా పోయి గోడకు తగుల్తది. గోడ అవతలకి పడాలంటే? పైకి విసరాలి. దానికే మోర్టార్. పొట్టిగా, లావుగా, అచ్చం రోలు లాగే ఉంటది. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం కూడా రోలే!

చిక్కేంటంటే, గుండు పైకి పోతే దెబ్బ కిందికి పడుద్ది. ఓడ అడుగే పగిలిపోవచ్చు. ఫ్రాన్స్‌లో బెర్నార్ రెనో అనే ఆయన, మోర్టార్ కింద నుంచి ఓడ అడుగుదాకా మందపాటి దుంగలు పేర్పించాడు. పట్టాల కింద స్లీపర్లు, కంకర కలిసి రైలు బరువును పంచుకుంటాయి చూడండి, అట్లా అన్నమాట. 1682లో అల్జీర్స్ మీద వీటిని మొదటిసారి వాడారు. గురి పెట్టడానికి ఓడనే తిప్పేవాళ్లు, లంగరుకు కట్టిన తాడు లాగి. ఎంత దూరం పోవాలో మందు ఎక్కువ తక్కువలతో చూసుకునేవాళ్లు.

గోడ దాటిన గుండు సైనికుడి మీదే పడాలని ఏముంది? 1684లో ఫ్రెంచ్ ఓడలు ఇటలీలోని జెనోవా మీద వేల బాంబులు కురిపించాయి. తగలబడింది ఊరు, ఇళ్లు. అంతకు ముందు ఏడాది అల్జీర్స్‌లో కడుపు మండినవాళ్లు అక్కడున్న ఫ్రెంచ్ కాన్సుల్ ల వాషేను ఫిరంగి మూతికి కట్టి పేల్చేశారు. పాపం, ఆయన మతగురువు కూడా.

మన దేశంలోకి వద్దాం. 1756 ఫిబ్రవరి, మహారాష్ట్ర తీరంలోని విజయదుర్గ్. లోపల తుళాజీ ఆంగ్రే నౌకాదళం. బయట అడ్మిరల్ వాట్సన్, ఆయనతో క్లైవ్, వెంట కంపెనీ మోర్టార్ ఓడలు. ఒక బాంబు పోయి ఆంగ్రే వాళ్ల ఓడ మీద పడింది. అది ఒకప్పుడు కంపెనీ దగ్గర పట్టుకున్న ఓడే! పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి కదా, ఒకదాని నుంచి ఒకదానికి నిప్పంటుకుని నౌకాదళం మొత్తం బూడిదైపోయింది. ఇక్కడ నాకు మనసు చివుక్కుమనేది వేరే విషయానికి. ఆ దాడిలో కంపెనీతో చేయి కలిపింది పీష్వా. మరాఠాల ఓడలను కాల్పించడానికి మరాఠాలే సాయం చేశారు. మరుసటి ఏడాదే ఆ వాట్సన్, క్లైవ్ బెంగాల్‌లో ఉన్నారు.

ఇంకొక్క ఓడ చెప్పి ముగిస్తా. పేరు టెర్రర్. 1814లో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద బాంబులు వేసిన ఓడల్లో ఇదొకటి. మోర్టార్ దెబ్బ తట్టుకునేలా కట్టిన ఒళ్లు కదా, మంచును కూడా తట్టుకుంటదని తర్వాత ధ్రువాలకు పంపారు. 1845లో ఇలాంటిదే ఇంకో ఓడ ఎరెబస్‌తో కలిసి ఆర్కిటిక్ వెళ్లింది. మంచులో ఇరుక్కున్న 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఎరెబస్ 2014లో, టెర్రర్ 2016లో కెనడా నీళ్ల అడుగున దొరికాయి.