ఇటుకల ఆటలో యంత్రవిద్య



గోడ కట్టే మేస్త్రీ ఒక నియమం తప్పడు. కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు పడనివ్వడు. ప్లాస్టిక్ ఇటుకలతో ఆడుకునే ఎనిమిదేళ్ళ బాలుడు ఇదే నియమాన్ని తనంతట తాను కనుగొంటాడు. అంతకుముందు అతని గోడ రెండు మూడు సార్లు కూలుతుంది. ఉపాధ్యాయుడు తొందరపడి చేయి పెడితే గోడ నిలుస్తుంది గాని, పాఠం నిలవదు.

డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామంలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సన్ అనే వడ్రంగి 1932లో ఆరంభించిన సంస్థయే లెగో. నేటి రూపంలోని ఇటుకకు 1958లో పేటెంటు దరఖాస్తు చేశారు. ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే, వాటిని 91 కోట్లకు పైగా విధాల అమర్చవచ్చునట! గణితవేత్త సీమోర్ పాపర్ట్ పసితనంలో పళ్ళచక్రాలతో ఆడిన ఆటే తనకు గణితాన్ని సన్నిహితం చేసిందని 1980లో ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథంలో వ్రాశాడు. 1998లో వెలువడిన లెగో రోబో పెట్టెకు ఆ గ్రంథనామమే పెట్టారు.

ఎనిమిది పళ్ళ చక్రం ఇరవైనాలుగు పళ్ళ చక్రాన్ని త్రిప్పితే, చిన్నది మూడు చుట్లు తిరిగేసరికి పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, త్రిప్పే బలం పెరుగుతుంది. తిరువళ్ళూరు పిల్లలకు పూండి జలాశయం దగ్గరలోనే ఉంది. 1944లో కుశస్థలి నదిపై నిర్మించిన ఆ జలాశయానికి 1996 నుండి కృష్ణాజలాలు కూడా చేరుతున్నాయి. ఇటుకలతో చిన్న ఆనకట్ట కట్టి, పళ్ళచక్రాలతో దాని తలుపు ఎత్తిన బాలిక తరువాత పూండికి వెళ్ళినపుడు నీటిని మాత్రమే చూసి తిరిగిరాదు.

తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల నేతగాండ్ర బిడ్డలకు ఇంతకన్న గొప్ప వసతి ఉంది. ఫ్రాన్సు దేశీయుడు జకార్డు రెండు శతాబ్దాల క్రిందట రూపొందించిన సాధనంలో అట్టపై రంధ్రమున్న చోట పడుగు నూలు పైకి లేస్తుంది, లేనిచోట అణగి ఉంటుంది. రోబోకు ఇచ్చే ఆజ్ఞల వరుసకు ఈ అట్టలే పూర్వరూపం. నాడె, పడుగు, పేక, ఇరుసు, కప్పీ వంటి మాటలు నోట ఉన్న పిల్లలకు యంత్రవిద్య పరాయిది కాదు. విజ్ఞానమంటే ఆంగ్లమేనన్న అపోహతో ఆ మాటలను మాన్పించడమే నష్టం. తమిళనాట 2006 చట్టం తరువాత తెలుగు తరగతుల పరిస్థితి అందరికీ తెలిసినదే. పదం ఆంగ్లమైనా కావచ్చు. ‘ఇది ఎందుకు కూలింది?’ అన్న ప్రశ్న మాత్రం తెలుగులో పుట్టాలి.

రోబో పెట్టెల ఖరీదు ఎక్కువన్న మాట నిజమే. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం ఎంపికైన పాఠశాలలకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. అది అందేవరకు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కట్టడాలు నేర్పిన అరవింద్ గుప్తా మార్గం ఉన్నది. నూలు అయిపోయిన కండెలు మంచి చక్రాలవుతాయి. నేత ఇళ్ళవారు వాటిని పారవేయక పాఠశాలకు పంపాలి. సెలవు దినాన పదిమంది పిల్లలను మగ్గం ప్రక్కన అరగంట నిలబడనివ్వాలి.