మహమ్మారి కాలమున విద్యాధికారి ఎన్నిక

ఒక రాష్ట్రమునందలి పాఠశాలలన్నిటిపై అధికారము గల వ్యక్తిని ప్రజలే నేరుగా ఓటువేసి ఎన్నుకొను పద్ధతి మన దేశమున లేదు. మన విద్యాశాఖ మంత్రి చట్టసభ సభ్యులలోనుండి వచ్చును. పాఠశాల విద్యా సంచాలకుడు ప్రభుత్వోద్యోగి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాత్రము 12 రాష్ట్రములయందు ఈ పదవికి నేటికిని ఎన్నిక జరుగుచున్నది. ఆ పదవికి రాష్ట్ర విద్యా సూపరింటెండెంటు అని పేరు. సామాన్యకాలమున ఈ ఎన్నికను గూర్చి ఆ రాష్ట్రములవారే పెద్దగా తలపరు. కాని బడులు మూతపడి, పిల్లలు ఇండ్లలో కూర్చుండి, ఎప్పుడు తెరచెదరని తల్లిదండ్రులు అడుగుచున్న కాలమున అట్టి ఎన్నిక వచ్చినచో ఏమగును? ధనబలము లేక, ఇరుగుపొరుగువారి తోడ్పాటుతో పోటీచేయు అభ్యర్థి, పరుల గడప త్రొక్కరాని దినములలో ఓటరును ఎట్లు కలిసికొనును? విస్కాన్సిన్ రాష్ట్రమున 2020 డిసెంబరు మొదలు 2021 ఏప్రిలు వరకు నడచిన ఎన్నికను ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నను పరిశీలింతము.

విస్కాన్సిన్ అమెరికాకు ఉత్తరమున, మహాసరస్సుల ఒడ్డున గల రాష్ట్రము. 1848 నాటి దాని రాజ్యాంగమే ప్రజావిద్య పర్యవేక్షణమును సూపరింటెండెంటునకు అప్పగించినది. పదవీకాలము నాలుగేండ్లు. ఎన్నిక ఏప్రిలు మాసపు మొదటి మంగళవారమున జరుగును. ఓటుపత్రముపై పార్టీ పేరు ఉండదు. రాష్ట్రమున 421 పాఠశాలా మండలములు కలవు. బడిని తెరచుటయా, మూయుటయా అను నిర్ణయము చాలవరకు ఈ స్థానిక మండలముల చేతిలోనిది. ఉపాధ్యాయుల అర్హతాపత్రములు, నిధుల పంపకము, పాఠశాలల పర్యవేక్షణము రాష్ట్రాధికారి చేతిలోనివి. ఈ పదవికి గల గౌరవము తక్కువది కాదు. 2009 మొదలు 2019 వరకు దీనిని నిర్వహించిన టోనీ ఎవర్స్ దానినుండియే గవర్నరు పదవికి ఎగసిరి. వారి తరువాత నియమింపబడిన కరొలిన్ స్టాన్‌ఫర్డ్ టేలర్ 2021లో పోటీకి నిలువలేదు. పీఠము ఖాళీ కాగా ఏడుగురు అభ్యర్థులు రంగమున దిగిరి.

తొలి గండము సంతకములది. ఈ పదవికి పోటీచేయువారు 2,000కు తగ్గకుండ, 4,000కు మించకుండ ఓటర్ల సంతకములు సమర్పింపవలెను. డిసెంబరు 1వ తేదీన సేకరణ మొదలిడి, జనవరి మొదటి మంగళవారమునాటికి ముగింపవలెను. ఓటరు తన సంతకముతోపాటు చిరునామాను, తేదీని వ్రాయవలెను. ప్రతి కాగితము అడుగున, వీనిని స్వయముగా నేనే సేకరించితినని సేకరించినవారు ధ్రువీకరింపవలెను. ఒక ఓటరు ఒకే అభ్యర్థి పత్రముపై సంతకము చేయవచ్చును. చెల్లని వ్రాళ్లు కొన్ని ఉండక మానవు గనుక, 2,000 కావలసినవారు అంతకంటె ఎక్కువ కూడబెట్టుకొనవలెను.

సామాన్యకాలమున ఈ పని బడి సభలలో, ఆటల పోటీలచెంత, గ్రంథాలయముల ముంగిట జరుగునది. ఆ యేట జనము గుమికూడు చోట్లు కరవైనవి. 2020 నవంబరులో విస్కాన్సిన్‌నందు వ్యాధి మిక్కిలి విజృంభించినది; ఆ వెంటనే వచ్చినది మంచు కురియు డిసెంబరు. ధనము గలవారు కూలి ఇచ్చి మనుష్యులను పంపగలరు. ధనము లేనివారు స్నేహితులపై ఆధారపడవలెను. ఒక లెక్క వేసి చూతము. నూరుగురు స్నేహితులు తలకొక 25 సంతకములు తెచ్చినచో 2,500 అగును. ఆ నూరుగురు దొరకుట, వారిని చూచి 25 ఇండ్లవారు తలుపు తీయుట, ఈ రెండును డిసెంబరులో క్రొత్తగా సంపాదించుకొనదగినవి కావు. బడిలో పాఠము చెప్పినవారికి, పాఠశాలా మండలి సమావేశములలో ఏండ్లతరబడి కూర్చుండినవారికి, పొరుగువారి బిడ్డ ప్రవేశమునకై ఒకసారి కార్యాలయమునకు తోడువెళ్లినవారికి అవి ముందే సమకూరియుండును. కష్టకాలపు ప్రచారమనగా ముందు కూడబెట్టుకొన్న పరిచయమును వెచ్చించుటయే.

ఆ రాష్ట్రపు ఓటర్ల మనస్సులలో ఒక చేదు జ్ఞాపకము కూడ అప్పటికి నాటుకొని యుండెను. 2020 ఏప్రిలు 7వ తేదీన, వ్యాధి వ్యాపించుచుండగనే, అక్కడ ఎన్నిక జరిగెను. మిల్వాకీ నగరమున సాధారణముగా 180 పోలింగు కేంద్రములుండును. ఆనాడు తెరచినవి అయిదే. జనము గంటలకొలది వరుసలలో నిలువవలసివచ్చినది. ఆ ఎన్నికలో 11 లక్షలకు పైగా ఓట్లు ముందుగా తెప్పించుకొన్న ఓటుపత్రముల ద్వారా వచ్చినవి. అట్టి ఓటునకును ఒక చిక్కు కలదు. ఓటరు ఓటువేయుటను మరియొకరు చూచి, కవరుపై సాక్షిగా సంతకము చేయవలెను. ఒంటరిగా నివసించు వృద్ధురాలికి సాక్షి ఎవరు? కిటికీ అద్దమునకు ఆవలనుండి చూచినను చెల్లునని ఎన్నికల సంఘమువారు తెలిపిరి. ఇట్టి సంగతిని ఆ వృద్ధురాలికి ఓపికతో విడమరచి చెప్పి, సాక్షిని కుదిర్చిపెట్టిన కార్యకర్త, అభ్యర్థి గుణగణములను గూర్చి పది కరపత్రములు పంచినవానికంటె మేలైన పని చేసినట్లే.

ఇంటింటికి తిరుగుట మానినప్పుడు చిన్న అభ్యర్థికి మిగులు సాధనములేవి? టెలిఫోను, స్వహస్తముతో వ్రాసిన కార్డు, తలుపు తట్టకుండ గుమ్మమున ఉంచి వచ్చు కాగితము, కంప్యూటరు తెరపై నడచు సభ, రేడియోలో ముఖాముఖి. వీనిలో తెరపై సభ మిక్కిలి సులభము. ప్రయాణవ్యయము లేదు, మంచు బాధ లేదు. ఒకే సాయంకాలమున రాష్ట్రపు నాలుగు మూలలవారిని కలిసికొనవచ్చును. పెద్ద వాహనములు, పెద్ద సభలు లేని అభ్యర్థికి ఇది వరమువలె తోచును. కాని అసలు చిక్కు ఇక్కడనే కలదు.

ఆ సభలకు వచ్చువారెవరు? ఇంట మంచి ఇంటర్నెట్టు గలవారు. పొలములమధ్య, అడవులమధ్య విసరివేసినట్లున్న ఇండ్లకు ఆ సౌకర్యము సరిగా లేదు. నగరములలోని పేదవాడలకును అంతే. ఆ ఇండ్ల పిల్లలే ఆ యేడు పాఠములు అందక వెనుకబడినవారు. అనగా పాఠము ఏ ఇంటికి చేరలేదో, విద్యాధికారి కాగోరు వ్యక్తి మాటయు ఆ ఇంటికి చేరలేదు. బడి ఎక్కడ తెగినదో ప్రచారమును అక్కడనే తెగినది. అభ్యర్థి చెవికి వినవచ్చినవి, పాఠములు ఎట్లో అందుచున్న ఇండ్లలోని ఫిర్యాదులు. అన్నిటికంటె పెద్ద ఫిర్యాదు గల ఇంటినుండి శబ్దమే రాలేదు. నిశ్శబ్దమును సంతృప్తి అని పొరబడిన అభ్యర్థి గెలిచినను తన పదవికి సగమే యోగ్యుడు.

ప్రసారకులమైన మేము ఇచ్చట ఒక పాతమాట గుర్తుచేయుదుము. ఇదే విస్కాన్సిన్‌నందు మాడిసన్ నగరపు రేడియో కేంద్రము 1931లో ఆకాశపాఠశాల యను కార్యక్రమమును నెలకొల్పి, ఒకే గది గల పల్లెబడులకు సంగీతము, చిత్రలేఖనము, ప్రకృతిశాస్త్రము వినిపించెను. ఏ సాధనము ఎక్కువ ఇండ్లకు పోవునో దానిని ముందు ఎన్నుకొనవలెనని ఆనాటివారు ఎరుగుదురు. ప్రచారకర్తలకును ఆ సూత్రమే వర్తించును.

మహమ్మారి యేట విద్యాధికారి ఎన్నిక జరుగుట ఇదే మొదలు కాదు. టెక్సాస్ రాష్ట్రమున ఆనీ వెబ్ బ్లాంటన్ అను అధ్యాపకురాలు 1918లో ఈ పదవికి నిలిచిరి. రాష్ట్ర ఉపాధ్యాయ సంఘమునకు 1916లో అధ్యక్షత వహించిన తొలి మహిళ ఆమెయే. 1918 మార్చిలో అక్కడి స్త్రీలకు పార్టీ ప్రాథమిక ఎన్నికలలో ఓటుహక్కు వచ్చినది. ఓటర్లుగా నమోదు చేసికొనుటకు వారికి దొరకినవి 17 దినములు. ఆ కొద్ది దినములలో సుమారు 3,86,000 మంది స్త్రీలు నమోదైరి. జూలైలో బ్లాంటన్ ప్రాథమిక ఎన్నిక గెలిచి, రాష్ట్రవ్యాప్తమైన పదవికి ఎన్నికైన తొలి టెక్సాస్ మహిళ అగుటకు దారి వేసికొనిరి. అక్టోబరునాటికి విషజ్వరము పట్టణములను ముట్టడించి, అనేకచోట్ల బడులు, సభలు మూతపడినవి. అప్పటికే ఆమె పని ముగిసియుండెను, ఏలనగా ఆ కాలమున అక్కడ ప్రాథమిక ఎన్నికయే అసలు ఎన్నిక. అయినను చరిత్రను పూర్తిగా చెప్పవలెను. నవంబరు ఎన్నికలో స్త్రీలకు ఓటు లేకుండెను; నల్లజాతివారు చాలవరకు ప్రాథమిక ఎన్నికకే దూరముగా ఉంచబడిరి. ఎవరి గడప త్రొక్కలేదో వారి బడులే ఆ తరువాతను వెనుకబడియున్నవి.

విస్కాన్సిన్‌లో 2021 ఫిబ్రవరి 16వ తేదీన జరిగిన తొలి విడతలో ఏడుగురిలో ఎవరికిని నూటికి 30 ఓట్లయినను రాలేదు. మొదటి ఇద్దరు చివరి పోటీకి మిగిలిరి: పెకటానికా అను చిన్న గ్రామీణ మండలమునకు సూపరింటెండెంటుగా నున్న జిల్ అండర్లీ, మిల్వాకీచెంతనున్న బ్రౌన్ డీర్ మండలమునకు పూర్వము సూపరింటెండెంటుగా నుండిన డెబొరా కెర్. పార్టీ పేరు లేని ఎన్నికయే అయినను పార్టీల నీడ తప్పలేదు. డెమొక్రాటిక్ పార్టీయు, ఉపాధ్యాయ సంఘములును అండర్లీ పక్షమున నిలిచినవి. ధనమున ఆమెదే పైచేయి. ఏప్రిలు 6వ తేదీన ఆమె నూటికి 57కు పైగా ఓట్లతో గెలిచిరి. 2025లో మరల ఎన్నికైరి. అయితే ఆనాడు ఓటువేసినవారు వయోజనులలో సుమారు అయిదింట ఒక వంతే. బడి విషయమై రాష్ట్రమంతయు వాదులాడుకొన్న యేట, బడులకు అధికారిని ఎన్నుకొనుటకు నలుగురు ఊరకుండగా ఒకరు వచ్చినట్లయినది.

మనకును ఇందులో ఆలోచింపవలసినది కలదు. అదే వసంతమున, 2021 మార్చి 14వ తేదీన, ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఉపాధ్యాయ నియోజకవర్గములకు, తెలంగాణలో రెండు పట్టభద్ర నియోజకవర్గములకు శాసనమండలి ఎన్నికలు జరిగినవి. హైదరాబాదు, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల స్థానమునకు 93 మంది పోటీచేయగా ఓటుపత్రము వార్తాపత్రికయంత అయినది. ఈ నియోజకవర్గములలో ఓటరుగా పేరు నమోదు చేయించుకొనుటయే సగము పని. నమోదు చేయించినవారే సగము గెలిచినట్లు. 2020లో మన పిల్లలకు దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు వచ్చినవి. టెలివిజను లేని ఇండ్ల పిల్లలు పొరుగింట కూర్చుండి చూచిరి. పొరుగిల్లు కూడ లేనివారు కూలికి పోయిరి. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఉపాధ్యాయ నియోజకవర్గమున గాని, పట్టభద్ర నియోజకవర్గమున గాని చాలవరకు ఓటు లేదు. వారి మాటను ఓటు గలవారే మోసికొని పోవలెను.

కావున మరియొక వ్యాధి వచ్చువరకు ఎదురుచూడక, విద్యారంగమున పనిచేయగోరువారు నేడే చేయవలసినది ఒకటి కలదు. తమ ఊరిలో పాఠము చేరని ఇండ్ల పట్టిక ఒకటి వ్రాసికొని, ఆ ఇండ్లకు ముందు పోవలెను. ఎన్నికలు లేని దినములలో ఆ వాకిళ్లు త్రొక్కినవారికి, తలుపులు మూసికొను దినములలోను ఆ ఇంటివారు బదులు పలుకుదురు.